యోగి మెడలో టై

కార్టూన్ చిత్రాల అభిమానులలో పాతవాటినే తలకెత్తుకునే వర్గం తన వాదానికి సాక్ష్యంగా ముందు 'టామ్ అండ్ జెర్రీ'ని నిలబెడుతుంది. ఆ సాక్ష్యం బలమైనదే. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా దర్శకత్వంలో 1940 నుంచి 1958 వరకు ఎం.జి.ఎం. సంస్థ విడుదల చేసిన ఆ పొట్టి చిత్రాలలో ఏడింటికి ఆస్కార్ దక్కింది. మాటలు దాదాపు లేని ఆ కథలను స్కాట్ బ్రాడ్లీ సంగీతమూ, దెబ్బ తగిలినప్పుడల్లా టామ్ కోసం హన్నా స్వయంగా పెట్టిన కేకలూ, అన్నిటికీ మించి విస్తారంగా గీసిన బొమ్మలూ నడిపించాయి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు కదులుతాయి కనుక, ఫ్రేముకొక బొమ్మ గీస్తే ఆ పద్ధతిని యానిమేటర్లు 'వన్స్' అనీ, ఒకే బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడి 12 బొమ్మలతో సరిపెడితే 'టూస్' అనీ అంటారు.

1957లో ఎం.జి.ఎం. తన కార్టూన్ విభాగాన్ని మూసివేయగా, హన్నా, బార్బెరాలు సొంత స్టూడియో పెట్టి టెలివిజన్‌ను ఆశ్రయించారు. అక్కడ దొరికే సొమ్ము సినిమా రోజులతో పోలిస్తే బహు స్వల్పం కావడంతో, అవసరమైన అవయవాన్ని మాత్రమే కదిపి తక్కినదంతా నిలిపి ఉంచే 'పరిమిత యానిమేషన్' వారికి శరణ్యమైంది. యోగి అనే ఎలుగుబంటి ఒంటిమీద చొక్కా లేకపోయినా మెడలో కాలరూ టై ఎందుకున్నాయో ఇక్కడ తెలుస్తుంది. 'సెల్' అనే పారదర్శకమైన పలక ఒకదానిమీద మొండేన్నీ, మరొకదానిమీద తలనూ గీసి, మాట్లాడేటప్పుడు తలను మాత్రమే మార్చుకుంటూ పోతే ఆ రెండూ కలిసే అతుకు కంటపడుతుంది. దాన్ని కాలరు కప్పేస్తుంది. పాత్ర పరుగెత్తే సన్నివేశంలో వెనుక దృశ్యాన్ని చుట్టచుట్టి మళ్లీ మళ్లీ తిప్పడం మరొక పొదుపు (ఆ ఇళ్లలో గోడలకు అంతు ఉండకపోవడం అందువల్లనే). ఇది బొమ్మలున్న రేడియో అని చక్ జోన్స్ వంటి పెద్ద దర్శకుడు ఈసడించాడు. అయితే పరిమిత యానిమేషన్ అంతా పేదరికం బిడ్డే అనడం సరికాదు, అంతకుముందే యు.పి.ఎ. అనే స్టూడియో ఆధునిక చిత్రకళ ప్రభావంతో, కోరి ఎంచుకున్న క్లుప్తతతో తీసిన 'జెరాల్డ్ మెక్‌బోయింగ్-బోయింగ్' 1950 సంవత్సరానికి ఆస్కార్ గెలుచుకుంది.

కంప్యూటర్ రాకతో ఈ లెక్క తలకిందులైంది. పూర్వం ప్రధాన చిత్రకారుడు కదలికలోని ముఖ్యమైన భంగిమలను గీస్తే, వాటి మధ్యనుండే 'నడిమి బొమ్మలు' సహాయకులు పూరించేవారు. 1995లో 'టాయ్ స్టోరీ' వచ్చేనాటికి ఆ పూరణలో చాలా భాగం యంత్రం లెక్కగట్టి ఇవ్వసాగింది. ఒకనాడు ఖరీదైన నున్నని కదలిక ఈనాడు చవకైపోయింది; చవకైనదానికి గౌరవం తగ్గడం లోకసహజం. అందుకే 2018 నాటి 'స్పైడర్-మ్యాన్: ఇంటు ది స్పైడర్-వర్స్'లో, అడవిలో ఇద్దరు నాయకులు పక్కపక్కన ఊగే ఘట్టంలో, అనుభవజ్ఞుడైన పీటర్‌ను వన్స్‌లోనూ, ఇంకా చేయి తిరగని మైల్స్‌ను టూస్‌లోనూ కదిపారు. కుర్రవాడి తడబాటు మాటల్లో చెప్పకుండానే కంటికి తెలుస్తుంది. యోగి కాలంలో ఖర్చు తగ్గించుకునే ఉపాయంగా చెల్లిన పద్ధతే ఇక్కడ పాత్రచిత్రణ అయింది.

తెలుగునేలకు ఈ కథతో సంబంధం లేకపోలేదు. 2008లో పోగో ఛానెల్‌లో మొదలైన 'ఛోటా భీమ్' హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టి. లడ్డూ తిని బలం పుంజుకునే ఆ బాలుడి కదలికలు పొదుపైనవే. పిల్లలకు దానితో పేచీ లేదు, పెద్దలకూ ఉండనవసరం లేదు. కీళ్లకు దారం కట్టి కొన్ని అవయవాలను మాత్రమే ఆడించే తోలుబొమ్మతో రాత్రంతా రామాయణం నడిపిన ప్రాంతంలో తక్కువ కదలిక లోపమెలా అవుతుంది? అభ్యంతరం ఉండవలసింది కదలిక ఎందుకు ఆగిందో తీసినవారికే తెలియని చోట. ఏళ్లతరబడి సాగే ధారావాహికలలో అటువంటి చోట్లు కొల్లలు. ఆ గీటురాయిమీద టామ్ నిలుస్తాడు, మైల్స్ నిలుస్తాడు, యోగి కూడా చాలావరకు నిలుస్తాడు; పాతవైనా కొత్తవైనా తక్కిన వాటిలో ఎక్కువ భాగం నిలవవు.