మా ఇంట్లో గుడ్లురిమే కప్పులు

మీలో చాలామందికి ఏదో ఒకటి పోగుచేసే సరదా ఉండే ఉంటుంది. ఒకరికి చీరలు, ఒకరికి స్టీలు గిన్నెలు, ఇంకొకరికి బొమ్మల కొలువు బొమ్మలు. నాకేమో టికీ మగ్గులు! ఆ పేరెప్పుడూ వినలేదా? పెళ్ళయి కాలిఫోర్నియా వచ్చేదాకా నేనూ వినలేదు లెండి.

మావారు ఆఫీసుకీ, పిల్లలు బడికీ వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంట్లో నేనూ, నాలుగు గోడలూ! అలాంటి ఒకరోజున మా వీధిలో ఎవరో ఇంటి ముందు పాత సామాను పెట్టి అమ్ముతుంటే చూద్దామని వెళ్ళాను. అక్కడ కనబడిందది. జానెడు ఎత్తు, గోధుమరంగు పింగాణీ, గుడ్లురుముతూ, పళ్ళికిలిస్తూ... అచ్చం మన ఊళ్ళో కొత్తగా కట్టే ఇళ్ళకి వేలాడదీసే దిష్టిబొమ్మే! రెండు డాలర్లిచ్చి తెచ్చుకుని, పొయ్యి పక్కన పెట్టి గరిటెలు వేసుకున్నాను. "మన ఇంటికి దిష్టి తగలదులే" అని మావారు ఒకటే నవ్వు.

తర్వాత తెలిసింది దాని కథ. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేశాక హాలీవుడ్‌లో డాన్ ది బీచ్‌కోంబర్ అనే బారు వచ్చింది. 1934లో ఓక్లాండ్‌లో విక్టర్ బెర్జెరాన్ పెట్టిన హోటలు తర్వాత ట్రేడర్ విక్స్ అయింది. వెదురు తడికెలు, కొయ్య విగ్రహాలు... అంతా పసిఫిక్ దీవుల అలంకారమే. రెండో ప్రపంచయుద్ధంలో ఆ దీవులు చూసొచ్చిన సైనికుల వల్లా, 1959లో హవాయి అమెరికాలో రాష్ట్రం కావడం వల్లా ఆ మోజు మరీ పెరిగింది. పళ్ళరసాలు కలిపిన మద్యాన్ని ఈ బొమ్మ కప్పుల్లో పోసి ఇచ్చేవారు. వాటిలో చాలావరకు జపాన్‌లో తయారైనవే. 1970ల తర్వాత ఆ మోజు తగ్గినా మళ్ళీ చిగురించింది. 2000లో మొదలైన టికీ ఫార్మ్ లాంటి కంపెనీలు కొత్తవి చేస్తున్నాయి.

కొనేముందు గోటితో మీటి చూస్తాను, మన అమ్మలు ఆవకాయ జాడీ కొనేటప్పుడు చూసినట్టే. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. అడుగున పాత హోటలు పేరుంటే ఇంకా ముచ్చట. మరకలు పడితే వంటసోడా ముద్దతో మెల్లగా తుడవండి. పాత పింగాణీ పూతలో సీసం ఉండొచ్చు. అందుకని నిమ్మరసంలాంటి పులుపు వాటిలో పోసి తాగకండేం!

అలా ఇరవై మూడయ్యాయి. మా అత్తయ్యగారు వచ్చినప్పుడు "కల్లు ముంతలు వంటింట్లో ఏమిటే?" అని ముక్కుమీద వేలేసుకున్నారు. అది నవ్వుకునే మాట. గుండెకి తగిలిన మాట మాత్రం వేరే ఆవిడ అంది.

ఆవిడ మా వీధిలోనే ఉంటుంది, పుట్టిల్లు హవాయి. ఓ సాయంత్రం టీకి పిలిచాను. గరిటెలున్న నా మొదటి కప్పుని చాలాసేపు చూసి, "ఇది కూ ముఖంలా ఉంది. మా పెద్దలు కొలిచిన దేవుడు" అంది మెల్లగా. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది! మన వినాయకుడి ముఖంతో ఎవరైనా సారా గ్లాసు చేసి అమ్మితే? దాన్లో నాలాంటి ఇల్లాలు గరిటెలు వేసుకుంటే? ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు.

మర్నాడు ఆవిడింటికి వెళ్ళి, "అన్నీ తీసేయనా?" అని అడిగాను. "నీ ఇష్టం. ఏమిటో తెలుసుకుని ఉంచుకుంటే నాకేం బాధ లేదు" అంది. దేవుళ్ళ పోలికలున్న ఐదింటిని ముందుగదిలో ఎత్తయిన అరలో పెట్టాను. వాటిలో ఇక ఏమీ వేయను. చిలక, అనాస, కొబ్బరికాయ ఆకారాలు మాత్రం వంటింట్లోనే ఉన్నాయి. కొత్తగా కొనేవీ అలాంటివే.

నేను చేసింది చాలో చాలదో మీరే చెప్పండి. ఆ మొదటిదాన్ని మాత్రం ఇచ్చేయలేకపోయాను. శుక్రవారం శుక్రవారం తడిగుడ్డతో తుడిచి పెడతాను. పలకరించే దిక్కులేని ఆ రోజుల్లో, ఈ ఊళ్ళో నన్ను చూసి నవ్విన మొదటి ముఖం అదే మరి!