తలుపు తెరిచే ముందు

వాహనం పట్ల మనిషికి ఉండే మమకారాన్ని ఇస్లాం తప్పుపట్టలేదు. గుర్రాలు, కంచర గాడిదలు, గాడిదలు స్వారీ కోసమే గాక శోభ కోసం కూడా సృష్టించబడ్డాయని ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా తెలుపుతుంది. పశువులను ఉదయం మేతకు తోలుకెళ్ళేటప్పుడు, సాయంత్రం ఇంటికి మళ్ళించేటప్పుడు వాటిలో కనిపించే అందాన్ని కూడా అదే సూరా గుర్తుచేస్తుంది. శుక్రవారం ఉదయం మా అబ్బాజాన్ బకెట్‌లో నీళ్ళు, చేతిలో పాత లుంగీ గుడ్డతో కారు తుడుస్తుంటే ఆయన ముఖంలో కనిపించే తృప్తి చూసి నాకు ఆ ఆయతులే స్ఫురించేవి.

ఆ కారు తెల్లని మారుతి 800. 2006లో చిత్తూరులో ఉపాధ్యాయ వృత్తి నుండి విరమణ పొందినప్పుడు చేతికందిన సొమ్ములో కొంత వెచ్చించి కొన్నారు. వడ్డీతో కూడిన అప్పు జోలికి పోరాదన్న పట్టుదలతో అంతవరకు ఆర్టీసీ బస్సులలోనే కుటుంబాన్ని తిప్పారు. నంబరు పలక మీద చిత్తూరు జిల్లా గుర్తు అయిన ఏపీ 03 ఉంది. 2019 నుండి రాష్ట్రమంతటా కొత్త వాహనాలకు ఏపీ 39 వరుస వచ్చింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరు జిల్లా అయింది. మేము తిరుపతికి మకాం మార్చి ఏళ్ళు గడిచినా, ఆ బండి మాత్రం ఉమ్మడి జిల్లాను వీపున మోసుకొని తిరుగుతూనే ఉంది.

దానికి మొదటి సొట్ట ఒక బంధువుల నికాహ్‌కు చిత్తూరు వెళ్ళినప్పుడు పడింది. భోజనాలు ముగించుకొని ఫంక్షన్ హాలు బయటికి వచ్చేసరికి ఎడమ తలుపు నడుమ బొటనవేలు పట్టేంత గుంట, దాని మీద సన్నని నీలిరంగు గీత కనిపించాయి. పక్కన నిలిపిన బండి అప్పటికే వెళ్ళిపోయింది. అబ్బాజాన్ ఆ గుంటను వేలితో ఒకసారి తడిమి, ఏమీ అనకుండా తాళం తీశారు. తిరుపతి చేరేవరకూ ఆయన మాట్లాడలేదు. ఒక రేకు గుంటకు ఇంత బాధ ఎందుకని అడిగేవారు ఉంటారు. బాధ రేకు గురించి కాదు. ఆ గుంట పెట్టిన మనిషి కూడా అదే పెళ్ళికి వచ్చినవాడు, అదే దస్తర్‌ఖాన్ మీద భోంచేసినవాడు, బహుశా మాకు సలాం చెప్పినవాడు. తలుపు తగిలిన చప్పుడు అతనికి వినిపించకుండా ఉండదు.

చిన్న కార్ల పైరేకు మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు. దాని మీద తుప్పు నిరోధక పూత, ప్రైమర్, రంగు, మెరుపు పూత అన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఎదుటి తలుపు అంచు కత్తివాదరలాంటిది కనుక పిల్లవాడు తోసినా సరే ఆ పూత చీలుతుంది. రంగు చిట్లకపోతే అనుభవమున్న పనివాడు లోపలి నుండి ఇనుప కడ్డీలతో రేకును మెల్లగా నెట్టి సరిచేయగలడు. చిట్లితే టింకరింగ్, పట్టీ, ఆపై తలుపంతటికీ రంగు తప్పవు. బీమా ఉంది కదా అనుకోవచ్చు. అయితే క్లెయిమ్ లేని సంవత్సరాలకు 20 శాతంతో మొదలై 50 శాతం వరకు పెరిగే రాయితీ ఒక చిన్న సొట్ట కోసం క్లెయిమ్ చేసినా పోతుంది. అందువల్ల ఇటువంటి నష్టాన్ని దాదాపు ప్రతి ఒక్కరూ జేబులోంచే భరిస్తారు.

సొంత కారు గలవారికి ఇది మనస్తాపంతో పోతుంది. మా మేనల్లుడి పరిస్థితి వేరు. అతడు తిరుపతిలో అద్దె కారు నడుపుతాడు, బండి యజమాని వేరొకరు. రాత్రి తాళాలు అప్పగించేటప్పుడు యజమాని సెల్‌ఫోన్ దీపం వేసి నాలుగు వైపులా పరిశీలిస్తాడు. కొత్త సొట్ట కనిపిస్తే ఆ ఖర్చు జీతంలోంచి కోత. రైల్వే స్టేషన్ దగ్గర టీ తాగడానికి దిగిన ఐదు నిమిషాలలో ఎవరో తలుపు తాకించి పోతే, ఆ రోజు సంపాదన ఆ టింకరింగ్ షాపుకే.

మా అబ్బాజాన్‌కు కొలతల పిచ్చి ఉండేది, లెక్కల మాస్టారు కదా! మారుతి 800 వెడల్పు 1.44 మీటర్లు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు ఎక్కువగా వచ్చే ఇన్నోవా క్రిస్టా వెడల్పు 1.83 మీటర్లు. ఒక కారుకు సాధారణంగా 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు గల చోటు కేటాయిస్తారు. రెండు క్రిస్టాలు గీతల మధ్య సరిగ్గా నిలిచినా వాటి నడుమ 67 సెంటీమీటర్లే మిగులుతుంది. గీతలే లేని మన ఫంక్షన్ హాళ్ళ మట్టి మైదానాలలో అదీ మిగలదు. చంకలో బిడ్డ, చేతిలో సంచి, ఒంటి మీద బురఖా ఉన్న ఇల్లాలు ఆ సందులోంచి దిగాలంటే తలుపు ఎంత తెరవాలో మీరే ఊహించండి. కాబట్టి ఆయన ఇరుకు చోటులోకి వెళ్ళక ముందే ఆడవాళ్ళను, పిల్లలను, ముసలివారిని దించేసేవారు. తర్వాత వరుస చివర గోడవారగా చోటు వెతికి, గోడ వైపు బండిని దగ్గరగా జరిపి, పక్కవారి వైపు ఖాళీ వదిలేవారు. తలుపు తెరిచేటప్పుడు నాలుగు వేళ్ళు దాని అంచు మీద వేసి ఉంచడం మా ఇంట పిల్లలందరికీ నేర్పిన మొదటి పాఠం. తగిలితే వేళ్ళకే తగలాలి. వాలులో ఈ జాగ్రత్త మరింత అవసరం. హార్స్‌లీ హిల్స్ వంటి చోట బండి ఒరిగి నిలిస్తే తలుపు తన బరువుతో తానే విసురుగా తెరుచుకుంటుంది.

రోడ్డు వైపు తలుపు విషయంలో సొట్ట కన్నా పెద్ద ప్రమాదమే ఉంది. వెనుక నుండి వచ్చే ద్విచక్ర వాహనదారుడు తెరిచిన తలుపును ఢీకొంటే అతని ప్రాణానికే ముప్పు. నెదర్లాండ్స్‌లో తలుపును దూరపు చేత్తో తెరిచే పద్ధతి ప్రసిద్ధం. బ్రిటన్ 2022 జనవరిలో దానిని తన రహదారి నియమావళిలో చేర్చింది. మన కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు గనుక ఎడమ చేత్తో తలుపు తీయాలి. అలా చేస్తే ఒళ్ళు దానంతట అదే తిరిగి, చూపు వెనక్కి వెళుతుంది. వారం రోజుల్లో అలవాటైపోతుంది.

ఇక రెండో సొట్ట సంగతి. మా వీధిలో ఎదురింటి పెద్దాయన అల్లుడు పండుగకు వచ్చి, బండి దిగుతూ తలుపును మా కారుకు తాకించాడు. మేము ఇంట్లో లేము, చూసినవారూ లేరు. సాయంత్రం ఆ పెద్దాయన తానే వచ్చి పదిహేను వందల రూపాయలు ముందు పెట్టారు. అబ్బాజాన్ వద్దన్నారు. “పిల్లవాడు, చూసుకోలేదు. పోనీండి సామీ,” అన్నారు.

“అట్ల కాదు సాయిబుగారూ. మీరు తీసుకోకపోతే రేపటి నుంచి మా అల్లుడు ఈ వీధిలో తలెత్తుకొని తిరగలేడు. నాకు మీ మొగం చూడాలన్నా ఇబ్బందే,” అన్నారాయన.

అబ్బాజాన్ కాసేపు ఆలోచించి డబ్బు తీసుకున్నారు. పనికి అయింది పోగా మిగిలిన రెండు వందలు మరునాడే తిరిగి ఇచ్చారు. క్షమించడం గొప్ప గుణమే. అయితే పరిహారం ఇవ్వవచ్చినవాడి చేతిని తోసివేయడం ఒక్కోసారి అతనిని రుణగ్రస్తుడిగా నిలబెట్టినట్లవుతుందని నా అభిప్రాయం. మహనీయ ముహమ్మద్ (స) ఇంట జరిగిన పాత్ర సంఘటన పాఠకులకు తెలిసినదే. విశ్వాసుల మాతలలో ఒకరు మరొకరి ఇంటికి భోజనం పంపగా, అక్కడ ఆ పాత్ర పగిలింది. ఆయన ముక్కలను, ఆహారాన్ని స్వయంగా ఏరి, పగలగొట్టినవారి ఇంటి మంచి పాత్రను అసలు యజమానురాలికి పంపించి, పగిలినదాన్ని ఆ ఇంటనే ఉంచారు. ఎవరినీ నిందించలేదు, నష్టాన్ని మాత్రం పూడ్చారు. 1869, 1876 మధ్య ఉస్మానీ రాజ్యంలో ఇస్లామీయ ధర్మశాస్త్రం ఆధారంగా కూర్చిన మజల్లా అనే పౌరస్మృతిలోనూ ఇదే సూత్రం ఉంది. ఉద్దేశం లేకున్నా, తన చేతితో నేరుగా నష్టం కలిగించినవాడు దానికి బాధ్యుడేనని 92వ అధికరణ చెబుతుంది. పొరపాటుకు పాపం అంటకపోవచ్చు, పక్కవాడి రేకు మాత్రం వంగే ఉంటుంది.

అయితే కారును కాపాడుకునే పేరుతో జరిగే దౌర్జన్యం గురించీ చెప్పాలి. సొట్ట పడకూడదని రెండు కార్ల చోటులో అడ్డంగా ఒక్క బండి నిలిపేవారు ఉన్నారు. ఇంటి ముందు వీధిలో బండరాళ్ళు, పగిలిన పూలకుండీలు పేర్చి ప్రభుత్వ రోడ్డును సొంత షెడ్డు చేసుకున్నవారు ఉన్నారు. గేటుకు “ఇక్కడ బండి పెడితే గాలి తీయబడును” అని పలక తగిలించి, తమ బండిని మాత్రం పక్కింటి గేటుకు అడ్డంగా పెట్టే ఒక పెద్దమనిషిని నేనెరుగుదును. ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అనవసర ఇబ్బంది కలిగేలా వాహనాన్ని విడిచిపెట్టడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను నిషేధించింది. దారిలో కూర్చోక తప్పనివారు దారికి దాని హక్కు చెల్లించాలని, ఆ హక్కులలో ఇతరులకు బాధ కలిగించకపోవడం ఒకటని ప్రవక్త (స) బోధించారు. జుమా వేళ మస్జిద్ వీధిలో దుకాణాల మెట్లను ఆనించి రెండు వరుసలలో బండ్లు నిలిపే మన సోదరులు “నమాజు అరగంటే కదా” అంటారు. ఆ దుకాణదారుకు మధ్యాహ్నపు బేరం ఆ అరగంటలోనే. రుయా, స్విమ్స్ ఆసుపత్రులున్న అలిపిరి రోడ్డులో ఎవరైనా ఇలాగే నిలిపితే అంబులెన్సు అరగంట ఆగుతుందా?

అబ్బాజాన్ ఇప్పుడు లేరు. పెళ్ళినాటి సొట్టను ఆయన బాగుచేయించలేదు, మేమూ ముట్టుకోలేదు. ఇప్పుడు కారు తుడిచే పని మా మేనల్లుడు తీసుకున్నాడు. అతడు తన అద్దె కారు డాష్‌బోర్డు అరలో ఒక చిన్న చీటీల పుస్తకం, పెన్ను ఉంచుకుంటాడు. రెండేళ్ళలో రెండుసార్లు వాటి అవసరం పడింది. రెండుసార్లూ అతని బండిలోని ప్రయాణికులు తలుపు తాకించారు. తన ఫోను నంబరు రాసి అవతలి కారు వైపర్ కింద పెట్టి వచ్చాడు. ఒకాయన ఫోను చేసి ఎనిమిది వందలు అడిగితే పంపాడు. రెండో కారు ఆమె మదనపల్లె నుండి ఫోను చేసి, తుడిస్తే గీత పోయిందని చెప్పి, నీ పేరేంది నాయనా అని అడిగి పెట్టేసిందట.