అర్జెంట్ అక్కా!

మన క్లాసులో ఒక్క రోజు చెవులు రిక్కించి కూర్చోండి. ఫాస్ట్‌గా రా, క్విక్‌గా రాసెయ్, అర్జెంట్‌గా ఫోన్ చెయ్, ఇమ్మీడియట్‌గా ఫీజు కట్టు, ఏఎస్ఏపీ పంపు. తెలుగు విభాగంలో చదివే మనమే తొందరొస్తే ఇంగ్లీషులోకి దూకుతాం. అది తప్పని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ మాటలు మా ఇంటికొచ్చి ఏం చేస్తున్నాయో చెప్పాలనిపించింది, అంతే.

మా ముత్తాతల కాలంలో మద్రాసు చేరిన కుటుంబం మాది. అవ్వ ఇప్పటికీ "బిరీన రా" అని పిలుస్తుంది. అమ్మ "సీక్రం రావే" అంటుంది. నేను తమ్ముణ్ణి "ఫాస్ట్‌గా రారా" అంటాను. ఒకే ఇంట్లో మూడు తరాలకు మూడు తొందరలు.

అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. గుడ్డ సంచి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవాళ్ళు ఏ భాషవాళ్ళైనా సరే, మొదటి మాట ఒకటే: "అర్జెంట్ అక్కా!" ఈ మాట పుట్టుక వెతికితే లాటిన్లో నెట్టడం, ఒత్తడం అనే అర్థమున్న క్రియ దగ్గర తేలింది. నాకు భలే సరిపోయిందనిపించింది. అన్నవాళ్ళు ఆ మాట అనేసి హాయిగా ఇంటికెళ్ళిపోతారు. ఒత్తిడి మాత్రం మిషను ముందున్న మనిషి మీద పడుతుంది. తై నెల పెళ్ళిళ్ళప్పుడు అమ్మ అర్ధరాత్రి దాకా కూర్చుని హుక్కులు కుడుతుంది. తెల్లారేసరికి కావాలన్న జాకెట్టు పది రోజులు అల్మరాలోనే వేలాడుతుంది.

పోయిన దీపావళికి ముందు అమ్మ నాచేత ఒక అట్టముక్క మీద తెలుగులోనూ తమిళంలోనూ రాయించింది: "అర్జెంట్ అయితే 50 రూపాయలు ఎక్కువ." మర్నాటి నుంచి సగం అర్జెంట్లు మాయం! "పర్లేదక్కా, శుక్రవారం ఇవ్వు చాలు" అనడం మొదలుపెట్టారు. నిజంగా అవసరమున్నవాళ్ళు మారుమాట్లాడకుండా ఇచ్చారు. మర్నాడు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని, ఉన్న ఒక్క మంచి జాకెట్టూ చంకలో చిరిగిందని ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. అమ్మ అక్కడికక్కడే కుట్టిచ్చి, ఆ 50 అడగలేదు. ఏ అర్జెంట్ నిజమో అమ్మకు మొహం చూస్తే తెలుస్తుంది.

ఊరికే వాడితే తొందర మాట అరిగిపోతుంది. ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ఇంగ్లీషులో 'సూన్' అనే మాటకు వెయ్యేళ్ళ కిందట 'వెంటనే' అని అర్థం. ఇప్పుడు 'త్వరలో' అయింది. 'ప్రెజెంట్లీ' అంటే షేక్‌స్పియర్ నాటికి 'ఈ క్షణమే', ఇప్పుడు చాలా చోట్ల 'కాసేపాగి'. అక్కడా జనం "ఇదిగో వస్తున్నా" అనడం, రాకపోవడం! మన 'ఇప్పుడే వస్తా' గతీ అదే కదా. 'ఏఎస్ఏపీ' సంగతి ఇంకా తమాషా. మాట ప్రకారం 'సాధ్యమైనంత త్వరగా' అని. అంటే ఎప్పుడు సాధ్యమో పని చేసేవాళ్ళే చెప్పాలి. కానీ దాన్ని ఆజ్ఞలాగే విసురుతారు.

'ఫాస్ట్' అనే మాట మొదట్లో వేగం గురించే కాదు. కదలకుండా గట్టిగా ఉండేదని దాని అర్థం. బట్టల కొట్లో 'ఫాస్ట్ కలర్' అంటారే, అది ఆ పాత అర్థమే. పరుగెత్తే రంగు కాదది, ఎన్ని ఉతుకులకైనా అంటుకునే ఉండే రంగు. లైనింగ్ గుడ్డ కొనేటప్పుడు అమ్మ రోజూ వాడే మాట ఇది. నేను అర్థం చెబితే, "మరి నువ్వు ఫాస్ట్‌గా రా అంటే తమ్ముడు కదలకుండా కూర్చోవడంలో తప్పేముంది?" అని నవ్వింది.

ఇక మన మాటలకొస్తే నాకు ముచ్చటేసేది వాటిలో ఉన్న బొమ్మ. గబగబా తింటాం, చకచకా పని చేస్తాం, బిరబిరా నడుస్తాం, చటుక్కున లేస్తాం. ఠక్కున జవాబు చెప్పడం వేరు, గబగబా చెప్పడం వేరు. మొదటిదాంట్లో ఆలస్యం లేదు, రెండోదాంట్లో తొందరుంది. అన్నిటికీ 'ఫాస్ట్‌గా' అంటే పని జరుగుతుంది గానీ ఈ తేడా కనిపించదు.

ఇంకొకటి. 'వెంటనే'లో 'వెంట' ఉంది. తమిళంలో 'ఉడనే' అంటారు, అందులో 'తోడు' అనే అర్థమున్న 'ఉడన్' ఉంది. మన హోసూరు స్నేహితురాలు చెప్పే కన్నడ 'కూడలే'లో 'కూడు', అంటే కలవడం, ఉంది. మూడు భాషల్లోనూ ఆలస్యం చెయ్యకపోవడమంటే ఒక పనికి తోడుగా ఇంకో పని నడవడమే. ఇందులో ఎవరూ ఎవరినీ నెట్టడం లేదు.

ఈ మధ్య మా ఇంట్లో ఇంకో మార్పు వచ్చింది. ఎవరైనా "అర్జెంట్" అనగానే అమ్మ టేపు మెళ్ళో వేసుకుంటూ "ఎప్పటికి కావాలి?" అని అడుగుతోంది. వారం, పూట చెప్పాల్సిందే. సగం మంది ఆలోచనలో పడతారు. మనమూ నోట్సు అడిగేటప్పుడు, పని చెప్పేటప్పుడు ఆ వారం, పూట చెబితే బాగుంటుంది. ముఖ్యంగా ఇంట్లో అమ్మకు చెప్పేటప్పుడు.

మీ ఇళ్ళల్లో తొందరకు ఏ మాట ఉంది? శ్రీకాకుళం వైపు 'బేగి' అంటారని విన్నాను. ఈ కాగితం కింద కొంచెం తెల్లచోటు వదిలాను. మీ అవ్వల మాటలు రాయండి. సోమవారం సాయంత్రం దాకా టైముంది.