అచ్చుకు పూసిన గులాబీలు

వరంగల్ మట్టెవాడ. భోగేశ్వరాలయం ఉన్న పాత బస్తీ. డిసెంబరు నెలాఖరు వచ్చిందంటే ఈ సందుల్లో కాగుతున్న నూనె, యాలకుల వాసన కలగలిసి గుప్పుమంటాయి. క్రిస్మస్‌కు కొన్ని ఇళ్లలో, సంక్రాంతికి మరికొన్ని ఇళ్లలో... పొయ్యి మీద గులాబీలు పూస్తాయి!

అవే గులాబీ పువ్వులు. సకినాలకు చెయ్యి తిరగాలి. వీటికి అచ్చు కాగాలి. కప్పు మైదాకు అర కప్పు బియ్యప్పిండి, అర కప్పు చక్కెర, యాలకుల పొడి, కాసిన్ని నువ్వులు. పాలు పోసి జారుగా కలుపుతారు. కొందరు గుడ్డు కూడా వేస్తారు. పొడవాటి చువ్వకున్న పువ్వు అచ్చును నూనెలో బాగా కాచి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. అంచు దాటి మునిగిందా, పువ్వు ఊడిరాదు. అచ్చు కాగకపోతే పిండి అంటుకోదు. మరీ కాగితే జారిపోతుంది. కొత్త అచ్చయితే ముందురోజు రాత్రంతా నూనెలో నానబెట్టాల్సిందే. ఎంత చేయి తిరిగిన ఇల్లాలికైనా మొదటి రెండు మూడు పువ్వులు విరిగిపోవడం మామూలే. అవి పక్కన కాచుకు కూర్చున్న పిల్లల వాటా.

వేల మైళ్ల అవతల, మంచు కురిసే నార్వేలోనూ క్రిస్మస్‌కు ఇదే హడావుడి. అక్కడా అచ్చుతో పువ్వులు వేయిస్తారు. వాటి పేరు రోజెట్లు. వాటికి తోడు క్రుమ్‌కాకె. క్రుమ్ అంటే వంపు, కాకె అంటే కేకు. పట్టకారులా తెరుచుకునే రెండు ఇనుప పలకల మీద ముగ్గుల్లాంటి నగిషీ ఉంటుంది. పిండి, వెన్న, గుడ్లు, చక్కెర కలిపి, చెంచాడు ఆ పలకల మధ్య పోసి మూస్తారు. అటూ ఇటూ తిప్పి కాలుస్తారు. వేడి మీదే చెక్క శంకువుకు చుట్టేయాలి. కొన్ని క్షణాలు ఆలస్యమైతే గట్టిపడి విరిగిపోతుంది. అందుకే ఒకరు కాలుస్తుంటే మరొకరు చుడతారు. పిండిలో వేసే సుగంధం ఏమిటో తెలుసా? మన యాలకులే!

పంతొమ్మిదో శతాబ్దంలో నార్వే నుంచి అమెరికాలోని మిన్నెసోటా వైపు వలస వెళ్లిన కుటుంబాల వెంట ఈ పలకలూ వెళ్లాయి. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి కూతురికి చేరుతూ నేటికీ క్రిస్మస్‌కు పొయ్యెక్కుతున్నాయి.

మట్టెవాడ ఇళ్లలోని అచ్చులకూ ఇప్పుడు అదే ప్రశ్న ఎదురవుతోంది. పిల్లలు హైదరాబాద్‌లో, అమెరికాలో. గులాబీ పువ్వులు స్వీటు షాపుల్లో ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. కానీ ఒకరు ముంచుతుంటే మరొకరు పుల్లతో విడదీస్తూ చెప్పుకునే ముచ్చట్లు ప్యాకెట్లో రావు. పక్కింటివాళ్లు అచ్చు అడిగి తీసుకెళ్లి, తిరిగిచ్చేటప్పుడు గిన్నెడు పువ్వులు పెట్టి పంపడమూ ఉండదు.

అమెరికా బయల్దేరే కూతురి సూట్‌కేసులో పచ్చళ్లూ, కారప్పొడులూ సర్దడం ప్రతి తల్లికీ అలవాటే. నూనె తుడిచి, పాత పేపర్లో చుట్టిన అచ్చు కూడా పెడితే? బరువు పావు కిలో ఉంటుందేమో. విరిగిన మొదటి పువ్వు కోసం అక్కడా ఓ పిల్లో పిల్లాడో కాచుకు కూర్చుంటారు.