అమెరికా చుట్టం

నయాపూల్ దగ్గర కాపురమున్నవారికి దుమ్మును గురించి వేరే చెప్పనక్కరలేదు. ఒక పక్క మూసీ, ఒక పక్క అఫ్జల్‌గంజ్ బస్సులు, వెనకనుంచి బేగంబజారుకు సరుకు మోసే బండ్లు. వీటన్నిటి పాదధూళీ సాయంత్రానికల్లా మా అల్మారాల మీదికి చేరుతుంది. చీపురు లేదా అంటారు. చీపురు దుమ్మును లేపుతుందే గాని తీసుకుపోదు. లేచినది కాసేపు గాలిలో విహరించి మళ్ళీ మంచం మీదే వాలుతుంది. తక్కిన ఇళ్ళలో దీనివల్ల నాలుగు తుమ్ములు వస్తాయి కాబోలు. మా ఇంట్లో అమ్మకు ఉబ్బసం. ఊడ్చిన పూటల్లా ఆమె కిటికీ చువ్వలు పట్టుకుని ఊపిరికోసం పెనుగులాడుతూంటే, నేను కాలేజీకి పోయి సమాసాలు చెప్పాలి.

అంచేత డల్లాసులో ఉన్న మా చెల్లెలు కిందటేడు వస్తూ, తన ఇంట్లోని వాక్యూం క్లీనరును విమానంలో మోసుకొచ్చింది. ఆ యంత్రం పుట్టుకలోనే ఉబ్బసముందని తర్వాత తెలిసింది. ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ అనే ఊళ్ళో జేమ్స్ స్పాంగ్లర్ ఒక పెద్ద దుకాణం ఊడ్చే పనిలో ఉండేవాడు. ఆయనకూ ఉబ్బసమే. ఫాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి దుమ్ము పీల్చే యంత్రం కట్టి, 1908 జూన్‌లో పేటెంటు పొందాడు. హూవర్ కుటుంబం ఆ హక్కులు కొనుక్కుంది. పేరు కూడా వాళ్ళకే దక్కింది. అదే ఏడు సెప్టెంబరులో మూసీ పొంగి మా పేట యావత్తూ కొట్టుకుపోయింది. అక్కడ ఆయన దుమ్ముతో పోరాడుతున్న సంవత్సరమే ఇక్కడివాళ్ళు నీటితో పోరాడారు!

ఇంతకీ వచ్చిన చుట్టానికి మన నీళ్ళు పడవు. అక్కడి ఇళ్ళలో విద్యుత్తు 120 వోల్టులు, మనకు 230. అక్కడ సెకనుకు 60 సార్లు అటు పోయి ఇటు తిరిగొచ్చే ప్రవాహం ఇక్కడ 50 సార్లే తిరుగుతుంది. ఈ రెండో తేడాతో వాక్యూం క్లీనరుకు పేచీ లేదు; బొగ్గు బ్రష్షులున్న మోటారు ఎలాగైనా తిరుగుతుంది. అదే అక్కడి గోడగడియారం, కరెంటు లెక్కతో నడిచే రకమైతే, ఇక్కడ గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది. వోల్టుల తేడాకు మాత్రం మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తే ట్రాన్స్‌ఫార్మరు. పాఠ్యపుస్తకాల్లో పరివర్తకం అంటారు. మాట బాగానే ఉంది గాని, ఆ మాటతో అడిగితే బజారులో ఎవరూ ఇవ్వరు.

ఒక దుకాణంలో 1500 వాట్లని చీటీ అంటించిన డబ్బా అమ్మారు. పదిహేను రోజులు బాగానే పనిచేసింది. పదహారోనాడు పనిమనిషి హాలు శుభ్రం చేస్తూండగా డబ్బాలోంచి కమురు వాసన, ఆ వెంటనే యంత్రం చెవులు గింగురుమనేటట్టు అరుపు. మా ఆవిడ చటుక్కున స్విచ్చి ఆపకపోతే ఏమయ్యేదో! దుకాణంవాడు డబ్బాను ముట్టుకోనైనా ముట్టుకోలేదు. "అమెరికా సామాను మాకు తెలియదు" అన్నాడు. పారేసి మరొకటి కొనుక్కుందామంది మా ఆవిడ. అమ్మ ఒప్పుకోలేదు.

"నా బిడ్డ అంత దూరం నుంచి మోసుకొచ్చింది. పారేస్తే ఎట్ల?"

వంతెనకు కాస్త ఇవతల సందులో మోటార్లు చుట్టే ముసలాయన ఉన్నాడు. అందరూ చాచా అంటారు. ఆయన డబ్బాను చేత్తో ఎత్తి చూశాడు, అంతే.

"సాబ్, పదిహేను వందల వాట్ల మాల్ ఇంత తేలిగ్గుంటదా?"

విప్పితే లోపల సన్నని అల్యూమినియం తీగ, అదీ ఒకటే చుట్ట. అందులోనే నడిమధ్య నుంచి 120 తీసుకునే రకం. ఆ చుట్టలో కింది సగం తెగితే 230 మొత్తం తిన్నగా యంత్రం మీదికే వస్తుందట. ఆ అరుపు అదేనన్నాడు.

సరైన ట్రాన్స్‌ఫార్మరులో ఇనుప రేకుల దిమ్మ మీద ఒకదానికొకటి తగలని రెండు చుట్టలుంటాయి. ఒకదానిలో కరెంటు అటూ ఇటూ మారుతూంటే దిమ్మలో అయస్కాంతశక్తి మారుతుంది. ఆ మార్పు రెండో చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సంగతి ఇదే. మార్పు లేనిచోట ఫలితమూ లేదు గనక బ్యాటరీకి తగిలిస్తే పనిచెయ్యదు. రెండో చుట్టలో వరసలు సగమైతే వోల్టులూ సగం. మరి శక్తి ఎక్కడికి పోయింది? మాత్రాఛందస్సులో ఒక గురువుండే చోట రెండు లఘువులు వేసినా మాత్రల లెక్క మారదు. ఇదీ అంతే: వోల్టులు సగమైతే ఆంపియర్లు రెట్టింపు, వాట్లు అవే. మా యంత్రం మీద 12 ఆంపియర్లని రాసి ఉంది. 120తో గుణిస్తే 1440 వాట్లు. అంత ప్రవాహం మోసే తీగ లావుగా ఉండాలి, దిమ్మ బరువుగా ఉండాలి. ఈ ముక్క భౌతికశాస్త్రం చెప్పే మా సహోద్యోగి బోర్డు మీద రాసి చూపితే తలకెక్కలేదు గాని, చాచా రెండు తీగలు నా వేళ్ళ మధ్య పెట్టగానే ఎక్కింది.

యంత్రాన్ని కూడా విప్పాడు. బొగ్గు బ్రష్షులు అరిగి, అవి రాసుకునే రాగి పలకలు నల్లబడ్డాయి. జీరో పేపరుతో రుద్ది, కొత్త బొగ్గులు ఆకురాయితో అరగదీసి అమర్చాడు. గాలి గొట్టంలో పిల్లల రిబ్బను, జుట్టు, అమ్మ పోగొట్టుకున్న వక్కలు. గొట్టం మూసుకుపోతే మోటారు గట్టిగా కూస్తుంది. కష్టపడుతోందని మనం జాలిపడతాం. నిజానికి తోయడానికి గాలి లేక, పని తగ్గి, అది ఖాళీగా గిర్రున తిరుగుతుందన్నమాట. కాని ఆ గాలే మోటారును చల్లార్చాలి గనక వేడెక్కి చస్తుంది. కాగితం సంచికి బదులు గుడ్డసంచి కుట్టించుకోమని పక్కింటివారిచ్చిన సలహాను చాచా ఒప్పుకోలేదు. సన్నదుమ్ము గుడ్డలోంచి తిరిగి గదిలోకే వస్తుందట. ఉబ్బసం మనిషికి ఆ సన్నదే శత్రువు. అసలైన సంచులు చెల్లెలే పంపుతోంది.

కొత్త ట్రాన్స్‌ఫార్మరు రాగితీగతో చుట్టడానికి నాలుగు రోజులు పట్టింది. రుబ్బురోలంత బరువు. డబ్బాకు ఎర్తు తీగ వేసి, మూడు కాళ్ళ ప్లగ్గు పెట్టాడు. సణుగుతూంటుంది గాని కాలదు, పని లేనప్పుడు ప్లగ్గు తీసెయ్యండి, అర్ధగంటకోసారి చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి నిలవకపోతే ఆపండి అన్నాడు.

ఆ పని అమ్మ తనమీద వేసుకుంది. హాలు పూర్తయ్యేదాకా వసారాలో కూర్చుంటుంది. తర్వాత వచ్చి డబ్బా మీద అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టి, "నిలిచింది, ఇంక నా గది కానియ్యండి" అంటుంది.