చిట్టి పేర ఒక పద్దు

మినియేచర్ పిన్షర్ పిల్లను తెచ్చుకున్నాక నెల ఖర్చుల పుస్తకంలో దాని పేర ఒక పేజీ తీశాను. పేరు చిట్టి. సాయంత్రమైతే చాలు, హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు పరుగులు, సోఫా ఎక్కి దూకుళ్లు. చెప్పు దొరికితే చెప్పు, చార్జర్ వైరు దొరికితే వైరు. ఒకప్పుడు జర్మనీలో ఎలుకల్ని పట్టడానికి పెంచిన జాతి, ఊరికే కూర్చోమంటే కూర్చోదు.

డే కేర్‌లో వేస్తే అలిసిపోయి వస్తుందని తెలిసినవాళ్లు చెప్పారు. కనుక్కుంటే రోజుకు 700 అన్నారు. నెలకు 26 రోజులంటే 18,200. మా కిరాణా బిల్లు కూడా అంత రాదు. పైగా టీకాలు పూర్తికాని పిల్లను పది కుక్కల మధ్య వదిలితే పార్వో అంటుకునే ప్రమాదం. వద్దనుకున్నాను.

టీకాకు తీసుకెళ్లినప్పుడు డాక్టరమ్మ చెప్పిన మాట మాకు ఆ డబ్బంతా మిగిల్చింది. "ఈ వయసులో రోజుకు 18 గంటలైనా పడుకోవాలమ్మా. పసిపిల్లలు నిద్రొస్తే పేచీ పెట్టినట్టే ఇదీ కరుస్తుంది, పరుగులు పెడుతుంది. ముందు నిద్రపోనివ్వండి." అప్పట్నుంచి కాసేపు ఆడించాక గదిలో లైటు తీసేసి పడుకోబెడుతున్నాం. సాయంత్రం గోల సగానికి సగం తగ్గింది.

మిగతా సగానికి పాత తువ్వాలు చాలింది. దాని మీద పూట తిండి గింజలు చల్లి చుట్ట చుడతాను. చిట్టి ముక్కుతో నెడుతుంది, ముందుకాలితో అదిమిపెడుతుంది, ఒక్కో మడతా విప్పుకుంటూ గింజ గింజా ఏరుకుంటుంది. ఆ సమయంలో కాలింగ్ బెల్ మోగినా తల తిప్పదు. తిండి అయ్యాక చల్లటి టైల్స్ మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. వాసన పట్టి వెతుక్కునే పని దానికి పరుగు కన్నా ఎక్కువ తృప్తినిస్తుందని రోజూ చూస్తున్నాను. దీనికి అదనంగా ఒక్క రూపాయి పెట్టలేదు.

పెట్టాల్సిన చోట మాత్రం వెనకాడలేదు. ఈ జాతికి ముందుకాళ్లు పుల్లల్లా సన్నం, ఎత్తు నుంచి దూకితే విరిగే ప్రమాదం ఉంది. ప్లేటు వేసి ఆపరేషన్ చేయాల్సి వస్తే బిల్లు వేలల్లో ఉంటుంది. అందుకే జారకుండా రబ్బరు మ్యాట్లకు 1,600, సోఫా ఉన్న గది గుమ్మంలో గేటుకు 2,900 పెట్టాను. మెడపట్టీ లాగితే చిన్న జాతుల శ్వాసనాళానికి మంచిది కాదు, కాబట్టి ఛాతీకి తొడిగే హార్నెస్‌కు మరో 500.

టీకాల దగ్గర బేరం లేదు. 6-8 వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాలు వచ్చేదాకా 3-4 వారాలకోసారి వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఏటా జూలై 6న, ప్రపంచ జూనోసిస్ దినం సందర్భంగా, మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఏడాదికోసారి బూస్టరు ఆ రోజే వేయిద్దామని నిర్ణయించుకున్నాం. అనుకోని వైద్యం కోసం నెలకు 1,000 రికరింగ్ డిపాజిట్‌లో పడుతోంది, దాన్ని ఇంకెందుకూ ముట్టుకోం.

చిన్న జాతి పిల్లను తెచ్చుకోవాలనుకుంటే ముందు ఆ డిపాజిట్ తెరవండి, టీకాల డబ్బు పక్కన పెట్టండి. బొమ్మల సంగతి తర్వాత చూసుకోవచ్చు, మొదటి నెలలకు పాత తువ్వాలు సరిపోతుంది.