డాలుపై సింహాలు... జెండాపై గద్ద!

నాగజెముడు మీద గద్ద వాలిన చోటే ఊరు కట్టుకోమన్నాడట దేవుడు! అలా సరస్సు మధ్య వెలసిన అజ్‌టెక్‌ల నగరం టెనోచ్‌టిట్లాన్... అదే నేటి మెక్సికో సిటీ. 1521లో స్పెయిన్ సేనలు దాన్ని నేలమట్టం చేశాయి. 1523లో స్పెయిన్ రాజు కొత్త నగర చిహ్నమిచ్చాడు. అందులో నీలిరంగు సరస్సుకు గుర్తు. మధ్యలో బంగారు కోట, మూడు రాతి వంతెనలు, కోటపై పంజా వేసిన రెండు సింహాలు గెలిచినవారివి. ఓడినవారికి దక్కింది అంచున పది నాగజెముడు ఆకులే. గద్దకు చోటే లేదు! అయినా జనం దాన్ని వదల్లేదు. ఊళ్లో కనిపించిన గద్ద బొమ్మలను తీసేయమని 1642లో వైస్రాయ్ పాలాఫాక్స్ ఆదేశించాల్సి వచ్చింది. 1821లో స్వాతంత్ర్యంతోపాటే గద్ద తిరిగొచ్చింది... ఏకంగా దేశం జెండా మీదికి!